పోలీసు స్టేషన్‌లో పౌరుడి హక్కులు - బాధ్యతలు: పత్రం, భాష, సంతకం

వ్యాససంగ్రహం:

పోలీసులతో వ్యవహరించవలసి వచ్చినప్పుడు పౌరుడికి చట్టం కల్పించిన రక్షణలు చాలావరకు పత్రాల రూపంలో ఉంటాయి. ఎఫ్.ఐ.ఆర్. నకలు, హాజరు నోటీసు, అరెస్టు మెమో, అరెస్టు కారణాల పత్రం, వైద్య పరీక్ష నివేదిక అటువంటివి. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, సుప్రీంకోర్టు తీర్పులు ఈ పత్రాలను ఏ విధంగా నిర్దేశించాయో ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రతి పత్రం పౌరుడికి ఒక హక్కును ఇస్తూనే ఒక బాధ్యతను కూడా మోపుతుందని, ఆ పత్రం అతడికి తెలిసిన భాషలో ఉన్నప్పుడే రెండూ సార్థకమవుతాయని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎఫ్.ఐ.ఆర్., హాజరు నోటీసు, అరెస్టు మెమో, మౌనహక్కు, పంచనామా, న్యాయసహాయం, తెలుగు.

1. ప్రవేశిక:

"ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్ళండి" అన్న ఫోను పిలుపు తెలుగు నాట చాలామందికి అనుభవంలో ఉన్నదే. పిలిచినది ఎవరు, ఏ కేసులో పిలిచారు, సాక్షిగానా, నిందితుడిగానా అన్న ప్రశ్నలు ఆ క్షణంలో మనసుకు తట్టవు. తట్టినా అడగడానికి నోరు రాదు. వెళ్ళిన తరువాత ఎంతసేపు కూర్చోబెట్టారో, ఏ కాగితంపై సంతకం తీసుకున్నారో చెప్పడానికి ఆధారం మిగలదు. మాట మీద మొదలైన వ్యవహారం మాట మీదనే ముగుస్తుంది. అన్యాయం జరిగితే నిరూపించడానికి, జరగకపోతే పోలీసులు తమ నిజాయితీని చూపడానికి కూడా అక్కడ ఏమీ ఉండదు.

చట్టం ఈ వ్యవహారాన్ని మాట మీద వదిలిపెట్టలేదు. పిలుపు రాతపూర్వకంగా ఉండాలి. ఫిర్యాదుకు నకలు ఇవ్వాలి. అరెస్టుకు సాక్షి సంతకం ఉండాలి. కారణం కాగితంపై కనిపించాలి. ఈ నియమాలను ఒక్కొక్కటిగా పరిశీలించడానికి గ్రామాల్లో తరచు ఎదురయ్యే ఒక సందర్భాన్ని ఊహించుకోవచ్చు. ఇద్దరు రైతుల పొలాల మధ్య గట్టు విషయంలో తగాదా వచ్చింది. మాటామాటా పెరిగి ఒకరికి గాయమైంది. గాయపడిన రైతు స్టేషన్‌కు వెళ్ళాడు. రెండవ రైతుకు పిలుపు వచ్చింది. ఈ ఇద్దరికీ ఉన్న హక్కులు, బాధ్యతలు ఏమిటన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

2. చారిత్రక నేపథ్యం:

పోలీసు అధికారానికి హద్దులు గీయడంలో తెలుగు ప్రాంతాలకు ప్రత్యక్ష సంబంధం ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, శిస్తు వసూలు కోసం, నేరాన్ని ఒప్పించడం కోసం అధికారులు ప్రజలను హింసిస్తున్నారన్న ఆరోపణలపై ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. అది 1855లో నివేదిక ఇచ్చింది. రెవెన్యూ, పోలీసు పనులు రెండూ ఒకే ఉద్యోగుల చేతిలో ఉండడం, హింస వాడుకగా మారడం ఆ నివేదికలో వెల్లడయ్యాయి. తరువాత 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశానికంతటికీ పోలీసు చట్టం వచ్చాయి.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై సాక్ష్యంగా వాడరాదన్న నియమం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే చేరింది. 1872 సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 25 అయింది. నేడు భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23గా కొనసాగుతున్నది. కొట్టి ఒప్పించిన మాటకు విలువ లేకుండా చేస్తే కొట్టడానికి కారణం తగ్గుతుందన్నది ఈ నియమం వెనుక ఉన్న తర్కం. అయితే నిందితుడు ఇచ్చిన సమాచారం వలన ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువుకు సంబంధించినంత మేరకు అతడి మాట సాక్ష్యంగా చెల్లుతుంది. దర్యాప్తుల్లో "నిందితుడు చూపగా స్వాధీనం చేసుకున్నాము" అన్న వాక్యం తరచు కనిపించడానికి ఈ మినహాయింపే కారణం.

3. ఫిర్యాదు - ఎఫ్.ఐ.ఆర్.:

చట్టం నేరాలను రెండు విధాలుగా చూస్తుంది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు నేరుగా కేసు నమోదు చేసి దర్యాప్తు చేయగలిగినవి కాగ్నిజబుల్ నేరాలు. అటువంటి అనుమతి అవసరమైనవి నాన్ కాగ్నిజబుల్ నేరాలు. గట్టు తగాదాలో చేతితో కొట్టగా స్వల్ప గాయమైతే అది రెండవ కోవకు చెందుతుంది. గొడ్డలితో గాయపరిస్తే మొదటి కోవలోకి వస్తుంది. గట్టు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఈ రెండింటిలోనూ లేదు. అది సివిల్ కోర్టు తేల్చవలసిన హక్కు వివాదం. భూమి ఎవరిదో స్టేషన్‌లో పంచాయితీ చేసి తేల్చే అధికారం పోలీసులకు లేదు.

సంహితలోని సెక్షన్ 173 ప్రకారం కాగ్నిజబుల్ నేర సమాచారాన్ని నోటి మాటగా చెప్పినా పోలీసు అధికారి రాసుకోవాలి. రాసినది చదివి వినిపించాలి. ఆ తరువాత సమాచారం ఇచ్చిన వ్యక్తి సంతకం తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా పంపిన సమాచారంపై మూడు రోజులలోగా సంతకం చేయాలి. నమోదు చేసిన సమాచారం నకలును ఫిర్యాదికి లేదా బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి. ఈ వరుసలో "చదివి వినిపించాలి" అన్న మాట ముఖ్యమైనది. చదువురాని ఫిర్యాది చెప్పినదొకటి, కాగితంపై పడినది మరొకటి అయితే కేసు మొదటి మెట్టులోనే బలహీనపడుతుంది.

నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చునని ఇదే సెక్షన్ చెబుతున్నది. దీనినే వాడుకలో జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. 2019 నవంబరులో హైదరాబాదు శివారు శంషాబాద్ వద్ద జరిగిన యువ పశువైద్యురాలి హత్యోదంతం ఈ నియమం అవసరాన్ని తెలుగు రాష్ట్రాలకు బాధాకరంగా గుర్తుచేసింది. కుమార్తె కనబడడం లేదని వచ్చిన కుటుంబానికి పరిధి ప్రశ్న అడ్డువచ్చింది. కేసు నమోదులో జాప్యం చేశారన్న కారణంపై ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు. ఆనాడు ప్రధానంగా ఆదేశాలపై ఆధారపడి ఉన్న జీరో ఎఫ్.ఐ.ఆర్. నేడు చట్టంలోని నిబంధన.

కాగ్నిజబుల్ నేరం జరిగినట్లు సమాచారం చెబుతుంటే కేసు నమోదు తప్పనిసరి అని 2013లో లలితా కుమారి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కుటుంబ, వాణిజ్య వివాదాల వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం ప్రాథమిక విచారణకు వీలు కల్పించింది. కొత్త సంహిత కూడా మూడేళ్ళు మొదలు ఏడేళ్ళలోపు శిక్ష గల నేరాలలో, డి.ఎస్.పి. అనుమతితో, 14 రోజులలోగా ముగిసే ప్రాథమిక విచారణను అనుమతించింది.

స్టేషన్‌లో కేసు నమోదు చేయడానికి నిరాకరిస్తే ఫిర్యాది సమాచారాన్ని రాతపూర్వకంగా, పోస్టు ద్వారా జిల్లా ఎస్.పి.కి పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే ప్రమాణ పత్రంతో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. పోస్టాఫీసు ఇచ్చిన రసీదు ఇక్కడ విలువైన ఆధారం. కేసు నమోదైన తరువాత దర్యాప్తు పురోగతిని 90 రోజులలోగా ఫిర్యాదికి లేదా బాధితుడికి తెలపవలసిన బాధ్యత పోలీసులపై ఉంది. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులు మినహా మిగిలిన ఎఫ్.ఐ.ఆర్.లను సాధారణంగా 24 గంటలలో వెబ్‌సైటులో ఉంచాలి. తనపై కేసు ఉన్నదని అనుమానించే వ్యక్తి కూడా ఆ విధంగా దానిని తెలుసుకోగలడు.

ఫిర్యాది బాధ్యత సత్యం చెప్పడం. గట్టు మీద ఇద్దరు ఉంటే ఆరుగురి పేర్లు రాయించడం, చేతి దెబ్బను గొడ్డలి దెబ్బగా చెప్పడం పగ తీర్చుకునే ఉపాయంగా కొందరికి తోచవచ్చు. తప్పుడు సమాచారంతో పోలీసు అధికారాన్ని మరొకరి మీదికి పురికొల్పడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 ప్రకారం నేరం. తప్పుడు నేరారోపణ సెక్షన్ 248 ప్రకారం ఇంకా తీవ్రమైన నేరం. శిక్ష మాట అటుంచితే, ఒక్క అబద్ధం చేరిన ఫిర్యాదులో మిగిలిన నిజం కూడా క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవడం కష్టమవుతుంది.

4. పిలుపు - నోటీసు:

రెండవ రైతుకు వచ్చే పిలుపు రెండు విధాలుగా ఉండవచ్చు. సాక్షిగా పిలిచితే సెక్షన్ 179 వర్తిస్తుంది. నిందితుడిగా అనుమానిస్తూ పిలిచితే సెక్షన్ 35(3) వర్తిస్తుంది. రెండింటిలోనూ పిలుపు రాతపూర్వకంగా ఉండాలి.

సాక్షుల విషయంలో చట్టం కొందరిని స్టేషన్ మెట్లు ఎక్కించవద్దన్నది. 15 ఏళ్ళలోపు, 60 ఏళ్ళు పైబడిన పురుషులను, స్త్రీలను, శారీరక లేదా మానసిక వైకల్యం ఉన్నవారిని, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వారి నివాసం కాక వేరే చోటికి రమ్మనరాదు. అధికారే వారి ఇంటికి వెళ్ళాలి. వారు తమంతట తాము స్టేషన్‌కు రావడానికి ఇష్టపడితే మాత్రం అనుమతించవచ్చు.

ఏడేళ్ళ వరకు శిక్ష పడదగిన నేరాల్లో అరెస్టు యాంత్రికంగా జరగరాదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరో నేరం చేయకుండా ఆపడం, సాక్ష్యం చెరిపివేయకుండా చూడడం, సాక్షులను బెదిరించకుండా నిరోధించడం వంటి అవసరం ఉంటేనే అరెస్టు చేయాలి. ఆ కారణాన్ని రాయాలి. అరెస్టు అవసరం లేనప్పుడు హాజరు నోటీసు ఇవ్వాలి. నోటీసును వాట్సాప్ వంటి ఎలక్ట్రానిక్ మార్గాల ద్వారా పంపితే అది చట్టం చెప్పిన పద్ధతికి ప్రత్యామ్నాయం కాదని 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మనిషి స్వేచ్ఛ ఆ నోటీసుపై ఆధారపడి ఉన్నందున అది చేతికి చేరినట్లు ఖాయం కావాలి.

మూడేళ్ళలోపు శిక్ష గల నేరంలో 60 ఏళ్ళు దాటినవారిని, బలహీన ఆరోగ్యం ఉన్నవారిని డి.ఎస్.పి. స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదన్న రక్షణను సెక్షన్ 35(7) కొత్తగా చేర్చింది. తగాదాలో చిక్కుకున్న వృద్ధ రైతుకు ఈ నిబంధన నేరుగా ఉపయోగపడుతుంది.

నోటీసు అందుకున్నవారి బాధ్యత హాజరు కావడం. హాజరవుతూ సహకరిస్తున్నంత కాలం ఆ నేరంలో అరెస్టు చేయరాదు. చేయాలనుకుంటే కారణం రాయాలి. హాజరు కాకుండా తప్పించుకుంటే ఆ రక్షణ పోతుంది. నోటీసును చూసి ఊరు విడిచి వెళ్ళడం భయంతో చేసే పనే అయినా, చట్టం దృష్టిలో అది అరెస్టుకు దారి తీసే కారణం. రాలేని ఇబ్బంది ఉంటే దానిని రాతపూర్వకంగా తెలిపి మరొక తేదీ కోరడం, నోటీసు నకలును దగ్గర ఉంచుకోవడం వివేకం.

5. ప్రశ్న - మౌనం - సంతకం:

నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతున్నది. ఈ రక్షణ కోర్టు బోనులోనే కాక పోలీసు విచారణ గదిలో కూడా వర్తిస్తుందని 1978లో నందినీ సత్పతి కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రినే స్టేషన్‌కు పిలిచి ప్రశ్నావళి ఇచ్చిన సందర్భం అది. స్త్రీని స్టేషన్‌కు పిలవడాన్ని కూడా ఆ తీర్పు తప్పుపట్టింది.

మౌనహక్కుకు హద్దు ఉంది. దర్యాప్తులో అడిగిన ప్రశ్నలకు నిజమైన సమాధానాలు చెప్పవలసిన బాధ్యత సెక్షన్ 180 ప్రకారం ఉంది. తనను నేరారోపణకు గురిచేసే ప్రశ్నలకు మాత్రమే సమాధానం ఇవ్వకపోవచ్చు. గట్టు మీద జరిగినది చూసిన పక్క పొలం రైతు "నాకెందుకు" అని తప్పుకోవడం ఈ హక్కు కిందికి రాదు. అబద్ధం చెప్పే హక్కు ఎవరికీ లేదు. చెప్పకపోవడం, అబద్ధం చెప్పడం రెండూ ఒకటి కావు.

దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలంపై చెప్పినవారి సంతకం తీసుకోరాదని సెక్షన్ 181 నిర్దేశిస్తున్నది. సంతకం ఉంటే సాక్షి తరువాత నిజం చెప్పడానికి వెనుకాడుతాడన్న జాగ్రత్త ఇందులో ఉంది. ఈ ఒక్క నియమం తెలియక అనేకులు ఏ కాగితం చూపితే దానిపై సంతకం చేస్తారు. అందువలన ఏ పత్రంపై ఎవరు సంతకం చేయాలో వేరుచేసి చూడడం అవసరం.

అ) ఫిర్యాదుపై ఫిర్యాది సంతకం చేయాలి. అది చదివి వినిపించిన తరువాతే.
ఆ) దర్యాప్తు వాంగ్మూలంపై సాక్షి గాని, నిందితుడు గాని సంతకం చేయనవసరం లేదు.
ఇ) అరెస్టు మెమోపై అరెస్టయిన వ్యక్తి, కనీసం ఒక సాక్షి సంతకం చేయాలి.
ఈ) సోదా, స్వాధీనం జాబితాపై సాక్షులు సంతకం చేయాలి. సోదా జరిగిన ఇంటివారికి నకలు ఇవ్వాలి.
ఉ) ఖాళీ కాగితంపై ఎవరూ సంతకం చేయరాదు. ఏ చట్టమూ అటువంటి సంతకాన్ని కోరదు.

నేరాంగీకారం చేయదలచిన వ్యక్తి మేజిస్ట్రేటు ముందు చేయాలి. అంగీకరించవలసిన నిర్బంధం లేదని, అంగీకరిస్తే అది తనపై సాక్ష్యం కావచ్చునని మేజిస్ట్రేటు ముందుగా వివరించాలి. ఇష్టం లేదని ఆ వ్యక్తి చెబితే ఆ కారణంతో అతడిని పోలీసు కస్టడీకి పంపరాదు.

6. అరెస్టు:

అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపుతో ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. దానిపై కుటుంబ సభ్యుడు లేదా స్థానికంగా గౌరవనీయుడైన ఒకరు సాక్షిగా సంతకం చేయాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పదకొండు ఆదేశాల్లో ఇవి ఉన్నాయి. నేడు సంహితలోని సెక్షన్ 36లో ఉన్నాయి. అరెస్టు సంగతిని తాను కోరిన బంధువుకో మిత్రుడికో తెలియజేయించుకునే హక్కు సెక్షన్ 48 ఇస్తున్నది. అరెస్టుల వివరాలను అందుబాటులో ఉంచడానికి ప్రతి జిల్లాలో, ప్రతి స్టేషన్‌లో ఏ.ఎస్.ఐ. స్థాయికి తగ్గని ఒక అధికారిని నియమించాలని, వివరాలను ప్రదర్శించాలని సెక్షన్ 37 చెబుతున్నది. "మా వాడు ఏ స్టేషన్‌లో ఉన్నాడో తెలియదు" అని రాత్రంతా తిరిగే కుటుంబానికి ఈ సెక్షన్ ఒక దారి.

సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితుల్లో మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారి చేయవచ్చు. విచారణ సమయంలో న్యాయవాదిని కలుసుకోవచ్చు. అయితే విచారణ జరిగినంతసేపూ న్యాయవాది పక్కన ఉండే హక్కు లేదు. అరెస్టు వెంటనే వైద్య పరీక్ష జరగాలి. దాని నివేదిక నకలు అరెస్టయిన వ్యక్తికి ఇవ్వాలి. శరీరంపై అప్పటికే ఉన్న గాయాలు, తరువాత వచ్చిన గాయాలు వేరుపడేది ఈ పత్రంలోనే. ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగంలోని 22(2) అధికరణం ఇచ్చిన హక్కు. బెయిలు ఇవ్వదగిన నేరమైతే పూచీకత్తుపై స్టేషన్‌లోనే విడుదల కోరవచ్చు. పిల్లలను ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో ఉంచరాదు.

2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో ప్రవేశద్వారం మొదలు లాకప్, వరండాల వరకు శబ్దంతో సహా రికార్డు చేసే సి.సి. కెమెరాలు ఉండాలని ఆదేశించింది. కస్టడీలో హింస జరిగిందని ఆరోపించేవారు ఆ దృశ్యాలను భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా కోరడం మంచిది. కాలం గడిస్తే రికార్డు చెరిగిపోయే అవకాశం ఉంటుంది.

అరెస్టయ్యే వ్యక్తి బాధ్యత ప్రతిఘటించకపోవడం. అరెస్టు అన్యాయమని నమ్మినా దానిని ప్రశ్నించవలసిన స్థలం కోర్టు. పెనుగులాట మరొక కేసుకు దారి తీస్తుంది. విధినిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దౌర్జన్యం చేశారన్న ఆరోపణ మొదటి కేసు కన్నా బరువైనది కావచ్చు. పేరు, చిరునామా నిజంగా చెప్పడం కూడా బాధ్యతే.

7. భాష:

అరెస్టు కారణాలను తెలపాలని రాజ్యాంగంలోని 22(1) అధికరణం మొదటినుండీ చెబుతున్నది. ఎలా తెలపాలన్న ప్రశ్నకు స్పష్టత రావడానికి దశాబ్దాలు పట్టింది. 1962లో హరికిసన్ కేసులో ముందస్తు నిర్బంధానికి గురైన వ్యక్తికి కారణాలను ఇంగ్లీషులో ఇచ్చి, నోటితో వివరించి వదిలిపెట్టారు. అతడికి తెలిసిన భాషలో రాసి ఇవ్వనందున అది చాలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023లో పంకజ్ బన్సల్, 2024లో ప్రబీర్ పురకాయస్థ కేసుల్లో ప్రత్యేక చట్టాల కింది అరెస్టులకు రాతపూర్వక కారణాలు తప్పనిసరి అయ్యాయి. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో కారణాలు తెలపని అరెస్టు చెల్లదన్నది. 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా కేసులో ఈ నియమాన్ని అన్ని నేరాలకూ విస్తరించింది. కారణాలను అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. వెంటనే రాసి ఇవ్వలేని పరిస్థితిలో నోటితో చెప్పినా, రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు పత్రం చేతికి అందాలి.

ఈ తీర్పు ప్రభావం తెలుగు రాష్ట్రాలలో స్పష్టంగా గుర్తించదగినది. తెలుగు మాత్రమే చదవగల వ్యక్తికి ఇంగ్లీషు పత్రం ఇవ్వడం కారణం తెలిపినట్లు కాదు. హైదరాబాదు, వైజాగ్ వంటి నగరాలలో పనిచేసే ఒడియా, హిందీ, బెంగాలీ వలస కూలీలకు తెలుగు పత్రం ఇచ్చినా అంతే. సూరత్, ముంబయి నగరాలలో ఉన్న తెలుగు కార్మికుడు అక్కడ తన భాషలో పత్రం కోరవచ్చు.

అనువాదంతోనే సమస్య తీరదు. స్టేషన్ తెలుగు ఒక ప్రత్యేకమైన మాండలికంలా ఉంటుంది. ఫిర్యాది, హాజరు, జామీను, పంచనామా వంటి పారసీ, అరబీ మూలాల మాటలు, రిమాండు, వారెంటు, బెయిలు వంటి ఇంగ్లీషు మాటలు అందులో కలిసి ఉంటాయి. ఇందుకు "ముద్దాయి" అన్న మాట మంచి ఉదాహరణ. ఉర్దూలో "ముద్దయీ" అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. హైదరాబాదులో ఉర్దూ మాతృభాషగా గల వ్యక్తికి తెలుగు కాగితం చదివి వినిపిస్తే, ఒకే మాటతో తాను ఏ పక్షాన ఉన్నాడో తలకిందులుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి "అర్థమయ్యే భాష" అంటే లిపి ఒక్కటే కాదు. ఏమి జరిగిందని ఆరోపిస్తున్నారు, ఎప్పుడు, ఎక్కడ, తనను ఎందుకు నిర్బంధించవలసి వచ్చింది అన్నవి సామాన్యుడికి బోధపడే వాక్యాల్లో ఉండాలి.

8. హక్కు భంగమైనప్పుడు:

మొదటి వేదిక రిమాండు సమయంలో మేజిస్ట్రేటు. కొట్టారా, కారణాలు ఇచ్చారా, ఇంటివారికి తెలిపారా అన్నవి అక్కడ నోరు విప్పి చెప్పవలసిన సంగతులు. అక్రమ నిర్బంధంలో ఉంటే 226 అధికరణం కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. మానవ హక్కుల సంఘాన్ని ఆశ్రయించవచ్చు. నేరం ఒప్పించడానికి గాయపరచడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 120 ప్రకారం శిక్షార్హం. కస్టడీ మరణానికి రాజ్యమే పరిహారం చెల్లించాలని 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

న్యాయవాదిని పెట్టుకోలేని పేదరికం ఈ హక్కులన్నింటికీ ఎదురయ్యే పెద్ద అడ్డంకి. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి. వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి దానిని కోరవచ్చు.

9. ఇతర పౌర బాధ్యతలు:

నేరాలను నివారించే పనిలో పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలను పాటించవలసిన బాధ్యత సెక్షన్ 172 పౌరులపై ఉంచింది. లైంగిక నేర బాధితుల పేరు, గుర్తింపు బయటపెట్టరాదు. ఎఫ్.ఐ.ఆర్. కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులలో పంపడం ఆ నేరం కిందికి రావచ్చు. రోడ్డు ప్రమాద బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని సాక్ష్యం కోసం బలవంతపెట్టరాదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134ఎ రక్షణ ఇస్తున్నది. పేరు చెప్పడం కూడా వారి ఇష్టమే. "పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుంది" అన్న భయంతో దారిలో పడి ఉన్న మనిషిని దాటిపోవలసిన అవసరం చట్టం దృష్టిలో లేదు.

10. ముగింపు:

పై పరిశీలన నుండి కొన్ని విషయాలు తేటపడుతున్నాయి.

1. పోలీసు వ్యవహారంలో పౌరుడి హక్కులు చాలావరకు పత్రాల ద్వారా అమలవుతాయి. నకలు, నోటీసు, మెమో, నివేదిక అడిగి తీసుకోవడం అవిధేయత కాదు. చట్టం ఆ పత్రాలను ఇవ్వమనే అధికారిని ఆదేశించింది.

2. ప్రతి పత్రం వెనుక ఒక బాధ్యత ఉంది. ఫిర్యాదుకు సత్యం, నోటీసుకు హాజరు, అరెస్టుకు అహింస, వాంగ్మూలానికి నిజం ఆ బాధ్యతలు. వీటిని విస్మరించిన వ్యక్తి తన రక్షణను తానే బలహీనపరచుకుంటాడు.

3. పత్రాలు సక్రమంగా రాసే అధికారికి కూడా అవి రక్షణ. అబద్ధపు ఆరోపణ వచ్చినప్పుడు అతడి వైపు నిలిచేవి మెమో, వైద్య నివేదిక, కెమెరా రికార్డులే.

4. 2025 నవంబరు తీర్పు తరువాత అరెస్టు కారణాల విషయంలో భాష సౌకర్యం కాదు, హక్కు. రోజువారీ స్టేషన్ పత్రాలకు సరళమైన తెలుగులో, అవసరమైన చోట ఉర్దూ, ఒడియా, హిందీ భాషలలో ప్రామాణిక నమూనాలు రూపొందించడం న్యాయ, పోలీసు శాఖలతో పాటు భాషా పరిశోధకులు కూడా పాలుపంచుకోవలసిన పని.

ప్రవేశికలో ఊహించిన రెండవ రైతుకు ఫోను వచ్చినప్పుడు అతడు వేయవలసిన ప్రశ్నలు రెండే. "ఏ కేసులో, సాక్షిగానా, నిందితుడిగానా? నోటీసు రాసి ఇస్తారా అయ్యా?" మర్యాదగా అడిగిన ఆ రెండు ప్రశ్నలతో మాట మీద సాగవలసిన వ్యవహారం చట్టం గీసిన దారిలోకి వస్తుంది. నోటీసు చేతికి వచ్చిన తరువాత, చెప్పిన తేదీకి హాజరు కావడం అతడి వంతు.